కింది గుడి

బూడిద రాలుతోంది.

చప్పుడు లేదు. తొందర లేదు. జల్లెడలోంచి పిండి జారినట్టు మెల్లగా, ఓపిగ్గా రాలుతోంది — వరి ఆకుల మీద, ఆవుల వీపుల మీద, తడికెల మీద ఆరేసిన బట్టల మీద.

రెనింగ్ వాకిలి ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది. చీపురు గీతలు ఆమె చూస్తుండగానే పూడిపోతున్నాయి.

గాలి నిండా మురిగిన గుడ్ల వాసన.

కొండ కనబడడం లేదు. కొండ ఉండాల్సిన చోట నల్లటి చీకటి నిలువుగా లేచి ఉంది. దాని లోపల ఎవరో బండలు దొర్లిస్తున్నారు... ఆపుతున్నారు... మళ్లీ దొర్లిస్తున్నారు.

పొద్దెక్కింది. అయినా ఇంట్లో దీపం కావాల్సి వస్తోంది.

బాలి దీవి మనిషికి రెండు దిక్కులు చాలు. కొండవైపు, సముద్రం వైపు.

తల కొండవైపు పెట్టుకుని పడుకుంటారు. మంచివన్నీ కొండ మీదనుంచే దిగుతాయి — నీళ్లు, దేవతలు, పుట్టబోయే బిడ్డలు. మైలంతా సముద్రం వైపు పోతుంది.

లెబాసారి ఊరు అగుంగ్ కొండ ఒళ్లో ఏటవాలుగా ఉండేది. అన్ని ఊళ్లలాగే దానికీ మూడు గుళ్లు. అన్నిటికన్నా ఎగువన పై గుడి, బ్రహ్మది. ఊరి మొదటి మనిషి మొదటి పొయ్యి రాజేసిన చోటు అదేనని చెబుతారు. అక్కడి గద్దెకు ఎర్రగుడ్డ కడతారు. సృష్టి చేసేవాడి రంగు, నిప్పు రంగు. ఊరి మధ్యలో విష్ణువు గుడి. నల్లగుడ్డ. మడులకు నీళ్లు పంచుకునే తగువులు, పెళ్లి మాటలు, పంట మొక్కులు అన్నీ ఆ గుడి అరుగు మీదే. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం ఆయన పని. రోజూ ఉండే పని. ఎవరి కంటా పడని పని.

ఇక కింది గుడి.

కింది గుడి శివుడిది. తెల్లగుడ్డ. గోడ పక్కనే శ్మశానం, శ్మశానంలో పెద్ద బూరుగుచెట్టు. దహనానికి తాహతు లేనివాళ్లు అక్కడ మన్ను కప్పుకుని, తమను తవ్వితీసి దహనం చేసే రోజు కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంటారు. పొద్దు వాలాక అటు వెళ్లాలంటే మగవాళ్లు కూడా పాట అందుకుంటారు.

అక్కడ పూజారిని మంకు అంటారు. కింది గుడి మంకు పేరు సద్ర. సద్ర పెళ్లాం రెనింగ్.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఏడ్చింది. చావుల గుడి పూజారికి ఇచ్చారని ఏడ్చింది. సంతలో ఆమె చేతి అరటిపండు కొనడానికి జంకేవాళ్లు. బాలింతలు ఆమెను చూసి బిడ్డ మొహం పైటలో దాచుకునేవాళ్లు.

సద్ర నవ్వేవాడు.

"ఆయన ఎవర్నీ చంపడే. విప్పుతాడంతే. గంపకి కట్టిన తాడు విప్పినట్టు."

"విప్పితే గంపలోది కింద పడిపోదూ?"

"పడితే పడనీ. మోసేవాడి మెడకి హాయి కదా."

పొయ్యి ముందు కూర్చుని, అన్నం ఉడుకుతుంటే చూపించేవాడు. ఇదిగో, పొయ్యిలో ఉన్నది బ్రహ్మ. కుండలో నీళ్లు విష్ణువు. మరి ఆ పైకి లేచి పోతోందే ఆవిరి... పట్టుకో చూద్దాం ఆయన్ని.

ఆమె చెయ్యి పెట్టి కాల్చుకునేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

అట్లా ఆమెకు భయం పోయింది. కింది గుడి ఆమెకు పెరడు అయింది. శివుడు ఇంటి వెనక ఉండే పెద్దాయన అయ్యాడు — మాట్లాడడు, కానీ ఉంటాడు.

ఆ ఏడాది కొండ మీద, దీవి అంతటికీ పెద్దదైన గుడిలో మహాయాగం. నూరేళ్లకొకసారి చెయ్యాల్సిన యాగం. ఇప్పుడు కాదు ముహూర్తమని కొందరన్నారు. ఇప్పుడేనని పైవాళ్లన్నారు. ఏర్పాట్లు సగంలో ఉండగా కొండ ఊపిరి వదిలింది.

మొదట పొగ. తర్వాత ఇసుక. తర్వాత, రాత్రుళ్లు, కొండ నెత్తిన ఎర్రటి గీత.

సిపాయిలు వచ్చి దిగిపొమ్మన్నారు. కొందరు దిగిపోయారు. ఎక్కువమంది కదల్లేదు.

"దేవుళ్లు ఇంటికి వస్తుంటే తలుపేసుకుని పోయేవాడు మనిషేనా?" అన్నాడు లంతుర్.

లంతుర్ పై గుడి మంకు. పొడుగాటి మనిషి. అబద్ధం ఆడడం రాదు. అదే అతనిలోని ప్రమాదం — అన్న ప్రతి మాటా నమ్మే అన్నాడు. తన మనవల్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నాడు.

ఆ మాటకు ఎదురు చెప్పింది ఒక్క కర్సి. రెనింగ్ కోడలు. సముద్రం ఒడ్డున ఉప్పు చేసేవాళ్ల పిల్ల. నిండు నెలలు.

"మా ఊళ్లో అల ఇంటిమీదికొస్తే పూలు చల్లం మంకూ. పరిగెడతాం."

అందరూ నవ్వారు. లంతుర్ నవ్వలేదు. ఉప్పుపిల్లకి కొండ సంగతి ఏం తెలుసులే అన్నట్టు తలాడించాడు.

ఆ పొద్దున, రెనింగ్ చీపురు పట్టుకుని ఉండగానే, రెండు సంగతులు ఒకేసారి జరిగాయి.

దిగువ ఏరు అరిచింది. నీళ్ల అరుపు కాదు అది. వేడి బురద, దాంట్లో చెట్లు, దాంట్లో రాళ్లు. ఊరిని కింది దేశంతో కలిపే వంతెన ఆ బురదలో కొట్టుకుపోయింది.

ఇంట్లో కర్సి అరిచింది. నొప్పులు.

దారి మూసుకుపోయింది. బిడ్డ దారి తెరుచుకుంటోంది.

సరిగ్గా అప్పుడే లంతుర్ గడపలోకి వచ్చాడు. వెనక మేళగాళ్లు. ఎర్రటి తలపాగా మీద బూడిద.

"ఇవాళ దేవుళ్లు దిగుతున్నారు. ఎదురెళ్లాలి. ముగ్గురు దేవుళ్ల మంకులూ ఉండాలి. మేళం ఉండాలి. రా సద్రా."

సద్ర కోడలి మూలుగు విన్నాడు. "నా గుళ్లో నేనుంటా. అక్కడినుంచే మొక్కుతా," అన్నాడు.

"శవాల పక్కన పూజ చేసీ చేసీ, బతికున్న దేవుడంటే భయం పట్టుకుందా నీకు?"

మేళగాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వులో కూడా వణుకే ఉంది.

సద్ర లోపలికి పోయాడు. తెల్లటి తలగుడ్డ కట్టుకున్నాడు. తన చిన్న గంట తీసుకున్నాడు. ముగ్గురు దేవుళ్ల పేర మణికట్టుకు కట్టుకునే ఎరుపు, నలుపు, తెలుపు దారం బిగించుకున్నాడు. పంటితో, ముడి పడేదాకా.

రెనింగ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీ దేవుడు కింద ఉన్నాడయ్యా. పైకెందుకు పోతావ్?"

"ముగ్గురూ ఒకడేనే."

"ఒకడే అయితే కిందే ఉండు."

సద్రకు జవాబు దొరకలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అడిగినదానికి అతనికి జవాబు దొరక్కపోవడం అదే మొదలు. ఆమె భుజం మీది బూడిద దులిపాడు. పక్కకు జరిపాడు. వెళ్లిపోయాడు.

మంకు అన్న మాట తెలుగు చెవికి ఎట్లా వినబడుతుందో, ఆ పొద్దున ఆ ఊరి మగవాళ్లందరూ అట్లాగే ఉన్నారు.

గెజెర్ కూడా.

గెజెర్ రెనింగ్ ఒక్కగానొక్క కొడుకు, కర్సి మొగుడు. ఊరేగింపులో పెద్ద జేగంటను కావడికి కట్టి ఇద్దరు మోస్తారు — ముందొకడు, వెనకొకడు. వెనక భుజం గెజెర్‌ది. కర్సి వాడి చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"పోయావనుకో, పుట్టినదానికి నీ పేరు చెప్పను."

"ముందుండేవాడు ముసలాడే. నేను వదిలేస్తే గంట కింద పడుద్ది. మధ్యాన్నానికి వచ్చేస్తా."

"గంట పడితే ఏమవుద్ది?"

ఏమవుతుందో గెజెర్‌కూ తెలియదు. కానీ కావడికి ఒక కొస తనది. రెండో కొసన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అంతకు మించి వాడి దగ్గర కారణం లేదు.

వెళ్లాడు.

మనుషులు పైకి పోయారు. రెనింగ్ కర్సిని పట్టుకుని కిందికి నడిచింది.

ఎక్కడికని కాదు. వంతెన లేదు. ఏరు దాటలేరు. అయినా నొప్పులతో ఉన్న మనిషి ఎత్తు ఎక్కలేదు. కాళ్లు ఎటు దిగితే అటు.

నడిమి గుడి దగ్గర పుగ్ర నిలబడి ఉన్నాడు. విష్ణువు గుడి మంకు. ముసలివాడు. పూజకు సిద్ధమై, నల్లటి నడుంగుడ్డ కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ కుండ.

"పైకి పోలేదా మంకూ?"

"పోతున్నా పోతున్నా. తీర్థం కావాలిగా... నీళ్లు పట్టుకుని పోతా."

ఊట ఉన్నది ఎగువన. పుగ్ర అడుగు పడింది దిగువకు. వాళ్ల వెనకే నడిచాడు. ఖాళీ కుండ పొట్టకు హత్తుకుని.



శ్మశానం దగ్గర కర్సి కాళ్లు మడుచుకుపోయాయి. అక్కడే కూలబడింది. బూరుగుచెట్టు మొదట్లో, గుడి గోడ నీడలో, మన్ను కప్పుకున్నవాళ్ల మధ్య.

పైన మేళం మొదలైంది.

బూడిద లోంచి దిగి వస్తున్న శబ్దం. కంచు మీద కంచు. చిన్న గంటలు గలగల, తాళాలు... అన్నిటి కిందా జేగంట. నిదానంగా, చాలా ఎడంగా. ఒకటి. ఊపిరి. మళ్లీ ఒకటి.

"ఆయనే కదా అత్తా?" అంది కర్సి పళ్లు బిగించి.

"వాడే. వాడి భుజం మీదిదే."

నొప్పి వచ్చినప్పుడల్లా కర్సి ఆ గంట కోసం చెవి రిక్కించింది. గంట మోగితే ఊపిరి వదిలింది. మేళం దూరమైంది. అంటే పై గుడి దాటారు. గుడి దాటి ఇంకా పైకి, కొండకు ఎదురు వెళుతున్నారు.

గంట.

ఊపిరి.

గంట.

...

కర్సి ఊపిరి బిగబట్టి ఉండిపోయింది.

అది వచ్చినప్పుడు పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. తర్వాత చాలామంది అడిగారు, ఉరిమిందా, పేలిందా అని. లేదు. కొండ దిగింది, అంతే. నల్లటి గోడ అడుగున ఒక బూడిదరంగు మంద కదిలింది. గేదెల మందలాగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, దొర్లుతూ, ఏటవాలంతా నింపుకుంటూ. గుర్రాలకన్నా వేగంగా.

పై గుడి ఉన్న చోట అది ఒక్క క్షణం ఎత్తుగా లేచింది.

తర్వాత నడిమి గుడి.

పుగ్ర చూస్తున్నాడు. కుండ పగలలేదు. ఇంకా పొట్టకే హత్తుకుని ఉన్నాడు.

రెనింగ్ కోడలి మీద పడుకుంది. వీపు కాలింది. కనురెప్పలు అంటుకుపోయాయి. గాలి పీల్చడానికి గాలి లేదు. గుడి కప్పు మీది తాటినార పొగలు చిమ్మింది. బూరుగు పైకొమ్మలు భగ్గుమన్నాయి. శివుడి గద్దె మీది తెల్లగుడ్డ గాల్లోకి లేచి, తెరచాపలా నిండి...

ఆగింది.

ఆ బూడిద మంద గోడ అవతల ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. నేల అక్కడ కొంచెం మిట్టగా ఉంది. అది కారణం కావచ్చు.

గోడ పక్కన దేవగన్నేరు చెట్టు ఒకటి. కొండవైపు కొమ్మలు బొగ్గయ్యాయి. సముద్రం వైపు కొమ్మలకు పూలున్నాయి. తెల్లటి పూలు. ఒక్కటీ రాలలేదు.

బిడ్డ ఆ తర్వాత పుట్టింది. ఆడపిల్ల.

బొడ్డు కొయ్యడానికి వెదురుబద్ద కావాలి. ఒక సమాధి చుట్టూ కట్టిన దడినుంచి రెనింగ్ విరిచింది. ఎవరి సమాధో చూసుకోలేదు. పుగ్ర అటు తిరిగి నిలబడ్డాడు.

"నీళ్లు, మంకూ."

పుగ్ర కుండలోకి చూశాడు. ఏటివైపు చూశాడు — బురద ఇంకా ఉడుకుతోంది. వెళ్లాడు. చాలాసేపటికి వచ్చాడు, వేడికి రాలిన కొబ్బరిబోండాం ఒకటి పట్టుకుని. రాతికి కొట్టి పగలగొట్టాడు. బిడ్డను కొబ్బరినీళ్లతో కడిగారు.

బిడ్డ ఏడ్చింది. ఊరు ఊరంతటిలో అదొక్కటే గొంతు.

"మేము ముగ్గురం ఉండాలి," అన్నాడు పుగ్ర. ఎవరితోనూ కాదు. "ముగ్గురం వెళ్లాలి. వాళ్లిద్దరూ పోయారు. నిలబెట్టేవాణ్ణి నేను... నేను నీళ్లకని దిగొచ్చాను."

అప్పుడు కుండ వదిలేశాడు.

బిడ్డతోపాటు వచ్చే మావి కూడా వాళ్లకు ఒక తోబుట్టువే. దాన్ని కడిగి, కొబ్బరిచిప్పల్లో పెట్టి, గుడ్డ చుట్టి, ఇంటి గుమ్మం పక్కన పాతాలి. అది జీవితమంతా బిడ్డను కాస్తుంది. మనిషి ఎక్కడికి పోయినా దాని చోటు అక్కడ ఉంటుంది.

రెనింగ్ ఆ బోండాం చిప్పల్లోనే పెట్టింది. శివుడి గద్దె మీదనుంచి ఎగిరి గోడకు చుట్టుకున్న తెల్లగుడ్డ చింపి చుట్టింది. మన్ను కాస్త చల్లారిందనిపించిన రోజున, పోక మట్టలు కాళ్లకు కట్టుకుని, ఆ మూట పట్టుకుని పైకి నడిచింది.

గుమ్మం వెతకడానికి.

ఊరు లేదు.

కూలిన ఊరైతే కూలిన గోడలుంటాయి. కాలిన ఊరైతే కాలిన వాసాలుంటాయి. ఇది ఏమీ కాదు. బూడిదరంగు ఇసుక, కొండనుంచి ఏటిదాకా ఒకే వాలు. అప్పుడే దువ్విన తలలా నున్నగా. అక్కడక్కడా సన్నటి పొగ. పోక మట్టల కిందినుంచి వేడి అరికాళ్లలోకి పాకింది.

ఇల్లు ఇక్కడ అనుకుంది. తవ్వింది. లోపల ఇంకా వేడి. చేతులు బొబ్బలెక్కాయి. ఇక్కడ కాదేమో అనుకుంది. ఇటు అనుకుంది. ఆమె పాతికేళ్లు ఊడ్చిన వాకిలి. కళ్లు మూసుకుని నడవగలిగిన వాకిలి.

కళ్లు మూసుకుని కూడా చూసింది.

పైన సిపాయిలు తవ్వుతున్నారు. ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. "చూడొద్దమ్మా," అన్నాడు. ఆమె చూసింది.

పై గుడికి అవతల, దారి మీద, వరసగా. పడిపోయిన వరస కూడా చెదరలేదు. ఎవరు ఎవరో చెప్పడానికి మొహాలు లేవు. జేగంట ఉంది. కావడి బొగ్గయి ఉంది. దానికి అటొకరు, ఇటొకరు. వెనక భుజం తన కొడుకుది. కానీ గంట దొర్లింది, దాంతో కావడీ అడ్డం తిరిగింది. ఏది ముందు కొస, ఏది వెనక కొస?

ఇద్దరి దగ్గరా కూర్చుంది. ఒకరి దగ్గర కాసేపు. ఇంకొకరి దగ్గర కాసేపు.

సద్ర ఆ వరసలో లేడు.

అతను వాళ్లకు చాలా కింద, దారి మలుపులో దొరికాడు. పిడికిట్లో చిన్న గంట. గంట అంచున చిన్న సొట్ట. దాన్ని కిందేసి సొట్ట పెట్టింది రెనింగే, కొత్త కోడలిగా ఉన్నప్పుడు. అందుకని అతనేనని తెలిసింది.

అతని తల సముద్రం వైపు ఉంది.

దిగుతున్నాడు.

"పారిపోయాడు," అన్నారు తర్వాత, సిపాయిలు ఏరు దాటించి చేర్చిన శిబిరంలో. "దేవుళ్లకు ఎదురెళ్లి మధ్యలో వెన్ను చూపించాడు." బతికి బయటపడినవాళ్లంతా ఆ రోజుకు ముందే దిగిపోయినవాళ్లు. అయినా అన్నారు. రెనింగ్ గంజి కోసం వరసలో నిలబడి ఉంటే, వినబడేట్టే అన్నారు.

ఆమెకు ఆ మాట తియ్యగా తగిలింది.

పారిపోయి ఉంటే బాగుండు. నన్ను తలుచుకుని, బిడ్డను తలుచుకుని, లేకపోతే వట్టి భయంతో — దేనితోనైనా సరే. కాళ్లు కిందికి తిరిగాయి కదా. ఆఖరి ఊపిరిలో ఇంటివైపు మొహం పెట్టాడు కదా. ఆమె అడిగినదానికి జవాబు తెచ్చుకుంటూ దిగుతున్నాడేమో.

లేక కింది గుడిలో దేవుడు ఒంటరిగా ఉన్నాడని గుర్తొచ్చి దిగుతున్నాడేమో.

ఎట్లా తెలుస్తుంది...

ఆ రోజు మావి మూట ఇంకా చేతిలోనే ఉంది. ఆమె దిగివచ్చి కింది గుడి గుమ్మం పక్కన గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. ఆడపిల్ల కనక లోపలినుంచి చూస్తే ఎడమవైపు.

పుగ్ర పరిగెత్తుకొచ్చాడు. "గుడి గుమ్మంలోనా? పురుటి మైలా? పిచ్చెక్కిందా రెనింగ్?"

"ఇంకో గుమ్మం చూపించు, అక్కడ పాతుతా."

"శివుడి వాకిలమ్మా ఇది! చావు వాకిలి. బిడ్డ కాపు ఇక్కడ పెడితే..."

"ఎప్పుడూ ఇటునుంచి వస్తుందనేగా భయపడ్డాం మంకూ? తల అటు పెట్టి పడుకున్నాం. పిల్లల్ని ఇటు చూడనివ్వలేదు. నా చేతి పండు కొనలేదు. వచ్చింది ఎటునుంచి?"

పుగ్ర మెల్లగా అన్నాడు. "నిప్పు బ్రహ్మదేగా... చేసినవాడి చేతిలోనే..."

"మరి నీళ్లు?"

పుగ్ర ఏటివైపు చూడలేదు.

కాసేపటికి ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె తవ్విన గొయ్యి లోంచి మన్ను తియ్యడం మొదలుపెట్టాడు. చేతులతోనే.

ఎండలు వచ్చాయి. కొండ పొగ మానలేదు. శిబిరంలో గంజి పలచబడింది. సముద్రం అవతలి దీవిలో అడవి నరుక్కుంటే భూమి ఇస్తామని అధికారులు వచ్చి చెప్పి వెళ్లారు. కర్సికి పాలు పడలేదు. ఉప్పుపిల్ల నోరు మూతబడింది. ఎవరైనా పలకరిస్తే తలాడించేది, అంతే. బిడ్డను మాత్రం ఒక్క క్షణం కింద పెట్టేది కాదు.

కింద పెట్టకూడదు కూడా. పసిబిడ్డ దేవతే వాళ్లకు. మూడు నెలలు దాటి, పూజ చేసి, నేలతల్లిని అడిగి, అప్పుడు మొదటిసారి పాదాలు నేల తాకిస్తారు. అప్పటినుంచి మనిషి.

ఆ రోజు వచ్చింది.

చుట్టాలు రావాలి. రాలేదు. శ్మశానంలో పుట్టిన పిల్ల. రెనింగ్, కర్సి, పుగ్ర — ముగ్గురే కింది గుడి వాకిట్లో కూర్చున్నారు. ఎర్రగుడ్డ లేదు, నల్లగుడ్డ లేదు. కొబ్బరాకు దొన్నెల్లో పూలు. అప్పు తెచ్చిన పిడికెడు బియ్యం. రెనింగ్ పొద్దుట్నుంచీ ఇసుక తోడి తోడి, అసలు నేల కనబడేదాకా తోడింది. నల్లటి నేల. తడిగా, మెత్తగా, ఏమీ జరగనట్టు.

పుగ్ర మంత్రం చదివాడు. పైన ఉన్నవాణ్ణి పిలిచాడు. నడుమ ఉన్నవాణ్ణి పిలిచాడు. కింద ఉన్నవాణ్ణి పిలిచాడు.

"దించమ్మా," అన్నాడు.

కర్సి బిడ్డ చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. వంగింది. బిడ్డ పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఆగాయి.

"దించమ్మా."

"దేని మీద దించను?"

చాలా రోజుల తర్వాత వాళ్లు విన్న మొదటి మాట.

"నేల మీద, తల్లీ."

"ఏ నేల మంకూ? మా ఆయన్ని తిన్న నేలా? మావయ్యని తిన్న నేలా? దీన్ని అడిగి, దీని మీద నా పిల్లని నిలబెట్టాలా? మళ్లీ లేవదని ఎవరు మాటిస్తారు? నువ్విస్తావా? నీ దేవుడిస్తాడా?"



బిడ్డ కాళ్లు ఆడిస్తోంది. గాల్లో అడుగులు వేస్తోంది. దించదు. ఎత్తుకోదు.

రెనింగ్ ముందుకు జరిగింది. మోకాళ్ల మీద వంగింది. బొబ్బలు మానిన తన రెండు అరచేతులూ ఆ నల్లటి మన్ను మీద బోర్లా ఆనించి, పాదాల కింద పరిచింది.

"దీని మీద దించు," అంది.

కర్సి అత్త మొహంలోకి చూసింది.

మెల్లగా, వేళ్లు ముందు, తర్వాత మడమలు — బిడ్డ పాదాలు నాయనమ్మ చేతుల మీద ఆనాయి. బిడ్డ బరువు ఎంతో లేదు. ఒక పక్షి వాలినంత.

పుగ్ర మంత్రం ఆగిపోయింది. తరవాతి మాట నేలకు కృతజ్ఞత చెప్పే మాట. ఇది నేల తాకినట్టా? తాకనట్టా? తన తండ్రి చెప్పలేదు. ఏ తాళపత్రంలోనూ లేదు. దొన్నెలోని పువ్వు వేళ్ల మధ్య పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

రెనింగ్ కదల్లేదు.

చేతుల మీద బిడ్డ. చేతుల కింద మన్ను. మన్ను వెచ్చగా ఉంది — ఎండకో, మరి దేనికో...